పచ్చగా లేకపోతే పనికిరానట్టేనా?

జూన్ 5, పర్యావరణ దినోత్సవం దగ్గర పడుతోందంటే ఒడిశాలో మా బరంపురంలో నర్సరీల వాళ్లకి పండగ సీజనే. స్కూళ్లు, క్లబ్బులు, బ్యాంకు బ్రాంచీలు, అపార్ట్‌మెంట్ల అసోసియేషన్లు, అందరికీ మొక్కలు కావాలి. ఒక ఫ్లెక్సీ, నాలుగు గోతులు, గోతికి అరడజను మంది చొప్పున ఫొటోకి నిలబడే మనుషులు. ఆ వారంలోనే పిల్లలకి డ్రాయింగ్ పోటీ కూడా పెడతారు. నేను ప్లస్ టూ పిల్లలకి బయాలజీ ట్యూషన్ చెబుతాను కాబట్టి జడ్జిగా నన్ను పిలుస్తుంటారు. బొమ్మలన్నీ దాదాపు ఒకటే. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు, ఏటి ఒడ్డున గుండ్రటి తలతో ఆకుపచ్చ చెట్టు. ఈ పిల్లలకి గోపాల్‌పూర్ సముద్రం పదిహేను కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రం అక్కడికెళ్లి బజ్జీలు తినొచ్చినవాళ్లే. అయినా పర్యావరణం గీయమంటే ఒక్కరూ ఇసుక గీయరు. వాళ్లని అనడానికేమీ లేదు, మనం నేర్పిందే అది.

నా వాదన సూటిగా చెప్పేస్తాను. పర్యావరణమంటే పచ్చదనం అనుకోవడం తప్పు. ఎక్కడైనా తప్పే కానీ, మా గంజాం జిల్లాలో ఆ తప్పుకి ఖరీదు ఎక్కువ. ఎందుకంటే ప్రకృతి లెక్కల్లో మా జిల్లాకి దేశమంతటా పేరు తెచ్చిన చోట్లు మూడు: రుషికుల్య ఏరు సముద్రంలో కలిసే చోట ఇసుక, భెట్నొయి, బలిపదర్ వైపు బీళ్లు, చిలికా సరస్సు బురద. మూడింట్లో ఏదీ పచ్చగా ఉండదు. ఫొటో తీస్తే "ఇక్కడేముంది, ఖాళీయే కదా" అనిపిస్తుంది. ఆ ఖాళీని మొక్కలతో నింపేయాలన్న ఉత్సాహమే నాకు భయం.

ముందు చిలికా సంగతి. పచ్చదనం ఎంత పెరిగితే అంత మంచిదనేవాళ్లకి ఇంతకంటే గట్టి జవాబు నాకు తెలియదు.

చిలికాకి ఒక పక్క నుంచి మహానది పాయలైన దయా, భార్గవి మంచినీళ్లు తెస్తాయి. ఇంకో పక్క సముద్రం ముఖద్వారంలోంచి ఉప్పునీళ్లు లోపలికి తోస్తుంది. వానాకాలంలో మంచినీళ్లది పైచేయి, ఎండాకాలంలో ఉప్పుది. ఉత్తరం వైపు నీళ్లు చప్పగా ఉంటే, మా జిల్లాలో ఉన్న రంభ వైపు ఉప్పదనం తెలుస్తుంది. ఒక రకం ఆవరణం ఇంకో రకం ఆవరణంతో కలిసే ఇలాంటి చోటుని పుస్తకాల్లో ఆవరణ సంధి అంటారు. రెండు వైపుల జీవులూ అక్కడ దొరుకుతాయి, ఆ సంధిలో తప్ప ఇంకెక్కడా బతకలేనివీ కొన్ని ఉంటాయి. చిలికా రొయ్య, పీత, చాలా రకాల చేపలు ఈ రాకపోకల మీదే బతుకుతాయి. గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి పోవాలి, పిల్లలు పెరగడానికి సరస్సులోకి రావాలి. అంటే తలుపు తెరిచి ఉండాలి.

ఆ తలుపు క్రమంగా మూసుకుపోయింది. ఏళ్ల తరబడి పూడిక, సముద్రపు ఇసుక చేరి ముఖద్వారం సన్నబడింది. ఉప్పు తగ్గింది. ఉప్పు తగ్గగానే మంచినీటి కలుపు విజృంభించింది. నీళ్ల మీద గుర్రపుడెక్క, అడుగున నాచు, ఒడ్లమ్మట రెల్లు. పైనుంచి చూసేవాడికి సరస్సు పచ్చగా, చల్లగా, ముచ్చటగా ఉండి ఉంటుంది. కింద చేప తగ్గింది, రొయ్య తగ్గింది. చిలికా 1981లోనే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల పట్టిక రామ్‌సర్ జాబితాకి ఎక్కింది, మన దేశం నుంచి అందులో చేరిన మొదటి రెండింటిలో ఒకటి. అలాంటిదాన్ని 1993లో, ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టిక మాంట్రో రికార్డులో చేర్చాల్సి వచ్చింది. చివరికి 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. ఉప్పునీళ్లు లోపలికి వచ్చాయి. మంచినీటి కలుపు వెనక్కి తగ్గింది, చేపలు, రొయ్యల రాబడి కొన్నేళ్లలోనే ఎన్నో రెట్లు పెరిగింది. 2002లో ఆ ప్రమాద పట్టికలోంచి చిలికా పేరు తీసేశారు. సరస్సులో పచ్చదనం తగ్గాకే బతుకు తిరిగి వచ్చిందన్నమాట. దీన్ని ఏ డ్రాయింగ్ పోటీలోనూ గీయలేం.

ఆవరణ వ్యవస్థ అనే భావనని 1935లో ఆర్థర్ టాన్‌స్లీ అనే ఇంగ్లిష్ వృక్షశాస్త్రవేత్త ముందుకు తెచ్చాడు. ఆయన పట్టుబట్టింది ఒక్కటే. జీవుల్ని విడిగా, నేల, నీరు, గాలి, లవణాల్ని విడిగా చూడొద్దు, రెండూ కలిసి ఒకే వ్యవస్థ. మా పిల్లలు దీన్ని "జీవ కారకాలు, నిర్జీవ కారకాలు" అని రెండు నిలువు గళ్లు గీసి బట్టీ పడతారు. నిర్జీవ కారకాల గడిలో ఉప్పు అని రాసి దాటేస్తారు. చిలికాలో ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో ఏళ్లకేళ్లు తేల్చింది ఆ ఉప్పే. రంభ దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని (మన తెలుగాయనే, సముద్రం పక్క నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ కుటుంబం) ఆ రోజుల గురించి అడిగాను. "నీళ్లు తియ్యబడితే రొయ్య రాదు బావూ, మరి మేమేటి తింటాం?" అన్నాడు. టాన్‌స్లీ చెప్పింది కూడా దాదాపు ఇదే.

చిలికా మధ్యలో నలబన అనే దీవి ఉంది. వానాకాలంలో మునిగిపోయి, చలికాలం వచ్చేసరికి బురద మేటగా తేలుతుంది. సరిగ్గా ఆ సమయానికే సైబీరియా, మంగోలియా, బైకాల్ సరస్సు ప్రాంతాల నుంచి పక్షులు దిగుతాయి. ఈమధ్య కొన్ని సంవత్సరాల లెక్కల్లో చిలికా మొత్తం మీద పక్షులు 10 లక్షలు దాటాయి. అవి వచ్చేది పచ్చదనం కోసం కాదు. పల్చటి నీళ్లలో, తడి బురదలో పురుగుల్ని, నత్తల్ని, వేళ్లని ఏరుకు తినడానికి. కొంత రెల్లు అక్కడ ఎప్పుడూ ఉన్నదే, అది మేటంతా కమ్మేస్తే మాత్రం కాళ్లు పెట్టడానికి బురద ఉండదు. అందుకే అక్కడ రెల్లు కోయించే పని సాగుతూ ఉంటుంది. గడ్డి కోసి పక్షుల్ని కాపాడటం అంటే నా స్టూడెంట్లు నవ్వుతారు.

ఇక ఇసుక దగ్గరికి వస్తాను. నా అసలు పేచీ ఇక్కడే.

అనుక్రమం అనే పాఠం ఉంటుంది. ఒట్టి నేల మీద మొదట గట్టి పిండం లాంటి మొక్కలు మొలుస్తాయి. అవి నేలని కాస్త మార్చాక వేరే మొక్కలు వస్తాయి, ఆ తర్వాత పొదలు, చివరికి చెట్లు. ఈ భావనకి గట్టి పునాది వేసిన పరిశీలన ఇసుక మీదే జరిగింది. హెన్రీ కౌల్స్ అనే అమెరికా శాస్త్రవేత్త మిచిగన్ సరస్సు ఒడ్డు ఇసుక దిబ్బల మీద నడుస్తూ, నీటి అంచు నుంచి లోపలికి వెళ్లేకొద్దీ మొక్కలు ఎలా మారుతున్నాయో 1899లో రాశాడు. మా తీరంలోనూ అలాగే చూడొచ్చు. నీటి అంచు దాటగానే ఇసుక మీద పాకే ఊదాపూల తీగ, ముళ్లబంతుల్లా గాలికి దొర్లిపోయే రావణాసురుడి మీసాలు. వాటి వెనక చిన్న పొదలు, ఆ వెనక మొగలి డొంకలు, ఇంకా లోపలికి జీడిమామిడి, తాడి. ఒక్క పావుగంట నడకలో పాఠం మొత్తం అయిపోతుంది.

అయితే ఈ పాఠాన్ని మనం చెప్పే తీరులో ఒక చెడ్డ అలవాటు దాగి ఉంది. చివరి మెట్టు అడవి అని బొమ్మ గీసి, దానికి పూర్తి మార్కులు ఇచ్చేస్తాం. దాంతో పిల్లల బుర్రలో ఇసుకంటే "అడవి కావాల్సి ఉండి ఇంకా కాలేకపోయిన నేల" అని నాటుకుపోతుంది. పరీక్ష తప్పిన కుర్రాణ్ని చూసినట్టు చూస్తాం దాన్ని. అన్నీ చివరికి ఒక స్థిరమైన అడవికి చేరాలన్న ఊహ 20వ శతాబ్దం మొదట్లో బలంగా ఉండేది. తర్వాతి జీవావరణ శాస్త్రం దాన్ని చాలావరకు సడలించింది. కెరటాలు, వరదలు, మంటలు, మేత, గాలి, ఇవన్నీ కొన్ని నేలల్ని ఎప్పటికప్పుడు మొదటికి తెస్తుంటాయి. అలా మొదటికి రావడం మీదే ఆధారపడి బతికే జీవులు ఉంటాయి. సముద్రం అంచున ఇసుక ఇసుకగానే ఉండటం దానికి జబ్బు కాదు, దాని స్వభావం.

దీనికి సాక్ష్యం ఆలివ్ రిడ్లీ తాబేలు. రుషికుల్య దగ్గర ఇవి మందలుగా వచ్చి గుడ్లు పెడతాయని శాస్త్రవేత్తలు నమోదు చేసింది 1994లో. పురుణబంధ, పొదంపేట వైపు జాలర్లకి అంతకు ముందే తెలుసు, వాళ్లని ఎవరూ అడగలేదంతే. ఒక్కో తాబేలు సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతుంది. ఆ తర్వాత తల్లి పని, పెట్ట పొదిగే పని అంతా ఇసుకదే. ఏడెనిమిది వారాలు గుడ్లని వెచ్చగా ఉంచేది అదే. పుట్టేది ఆడదో మగదో తేల్చేది కూడా ఇసుక వేడే. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ. ఇసుకలో తేమ ఎంత, రేణువు ఎంత, నీడ ఎంత, వేళ్లున్నాయా లేవా, అన్నీ లెక్కే. ఆవాసం అనే మాటకి పుస్తకంలో "జీవి నివసించే చోటు" అని ఒక్క ముక్క రాస్తారు. ఆ చోటు చేసే ఇంత చాకిరీ అందులో ఎక్కడ కనిపిస్తుంది?

ఇప్పుడు అక్కడ సరుగుడు నాటండి. నీడ పడుతుంది, ఇసుక చల్లబడుతుంది. వేళ్లు అల్లుకుంటాయి, తవ్వడానికి చోటు తగ్గుతుంది. రాలిన పుల్లాకు దట్టంగా పరుచుకుని కింద తీగని, గడ్డిని మొలవనివ్వదు. సముద్రం కోసుకొస్తున్నప్పుడు ఇసుక సహజంగా వెనక్కి జరగాలి, వెనక తోట అడ్డంగా ఉంటే జరగడానికి చోటుండదు, మధ్యలో నలిగిపోయేది తాబేలు గుడ్లు పెట్టే పట్టీ. నా స్టూడెంట్ ఒకడు ఎదురు ప్రశ్న వేశాడు: "సార్, భూమి వేడెక్కుతోంది కదా, అన్నీ ఆడవే పుడితే ఎలా? నీడ మంచిదే కదా?" మంచి ప్రశ్నే. కాకపోతే, సహజమైన ఒడ్డులో ఎండ ఇసుక, తీగ నీడ, తడి చోటు, పొడి చోటు అన్నీ కలగలిసి ఉంటాయి, ఒకచోట కాకపోతే ఇంకోచోట అన్న వెసులుబాటు ఉంటుంది. వరసగా నాటిన ఒకే జాతి తోట ఆ వెసులుబాటునే తీసేస్తుంది. ఇలా చెబితే వాడు సగమే ఒప్పుకున్నాడు. అదీ మంచిదే.

సరుగుడు మన తీరం చెట్టు కూడా కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా వైపుది. 19వ శతాబ్దంలో వంటచెరకు కోసం మన దేశంలో పెంచడం మొదలుపెట్టారు. వేళ్లలో ఉండే సూక్ష్మజీవుల సాయంతో గాల్లోని నత్రజనిని పట్టుకుంటుంది కాబట్టి ఒట్టి ఇసుకలో కూడా దర్జాగా పెరుగుతుంది. ఆ శక్తే దాని గొప్ప, ఆ శక్తే చిక్కు.

పోషకాల సంగతి ఎత్తాను కాబట్టి ఇంకొకటి. ఆహార గొలుసులో శక్తి ఒక మెట్టు నుంచి పై మెట్టుకి పోయేటప్పుడు ఎక్కువ భాగం ఖర్చైపోయి పదో వంతు అటూ ఇటూగా మాత్రమే మిగులుతుందని పాఠం. రేమండ్ లిండెమన్ 1942లో ఒక చిన్న సరస్సు లెక్కలు కట్టి ఈ తీరుగా ఆలోచించడం నేర్పాడు. ఆ లెక్కని ఒడ్డు మీద పెట్టి చూడండి. తాబేలు సముద్రంలో పీతలు, రొయ్యలు, జెల్లీ చేపలు తిని బలిసి, ఆ బలాన్ని గుడ్ల రూపంలో ఇసుకలో పాతిపెడుతుంది. గుడ్లన్నీ పిల్లలై సముద్రంలోకి తిరిగి పోవు. కొన్ని పీతలకి, నక్కలకి, కుక్కలకి, కాకులకి. కొన్ని కుళ్లి ఇసుకలో కలుస్తాయి. ఫ్లోరిడా ఒడ్డున వేరే జాతి తాబేళ్ల మీద జరిగిన పరిశోధనలో, గుడ్లలోని పోషకాల్లో కొద్ది భాగమే పిల్లల రూపంలో సముద్రానికి తిరిగి వెళ్తోందని, మిగతాది ఒడ్డుకే దక్కుతోందని తేలింది. అంటే దిబ్బ మీద తీగకి ఎరువు వేసేది సముద్రంలోంచి వచ్చిన తాబేలు. ఆ తీగ ఇసుకని పట్టి ఉంచుతుంది. ఆ ఇసుకలోకే తాబేలు మళ్లీ వస్తుంది. సింహం, జింక, గడ్డి అని గీసే ఆహార గొలుసు బొమ్మ నాకెందుకు విసుగో ఇప్పుడైనా అర్థమైందనుకుంటాను.

ఈ మాటలన్నీ నేను మా చిన్నాన్న దగ్గర కూడా చెప్పాను. ఆయనకి బాహుదా ఏటి అవతల, సముద్రానికి కాస్త లోపలగా సరుగుడు తోట ఉంది. అంతా విని, "ఒరే నాయనా, సరుగుడు నాలుగైదేళ్లకి కోతకొస్తాది. పెద్దదాని పెళ్లి ఆ కర్ర మీదే చేశాను. నీ ఊదాపూల తీగకి కిలో ఎంతిస్తారు?" అన్నాడు. దీనికి నా దగ్గర చమత్కారమేదీ లేదు. సొంత పొలంలో చిన్నాన్న సరుగుడు వేసుకోవడం మీద నాకు తగాదా లేదు కూడా. ప్రభుత్వం డబ్బుతో, పర్యావరణం పేరుతో, ఎవరిదీ కాని ఇసుక అంచున నాటడం మీదే తగాదా.

బీళ్ల గురించి పెద్దగా చెప్పను, కథ అదే కాబట్టి. భెట్నొయి, బలిపదర్ వైపు ఊళ్లలో కృష్ణజింకలు పొలాల్లో తిరుగుతాయి. అది అభయారణ్యం కాదు, రైతుల నేల. జింక పొలంలో అడుగు పెడితే వానలు, పంట బాగుంటాయని అక్కడి వాళ్ల నమ్మకం, తరాలుగా ఎవరూ వాటి జోలికి పోరు. 2011 లెక్కలో 2,194 ఉన్నవి 2021కి 7,358 అయ్యాయి. ఈ జింక ప్రాణం కాళ్లలో, కళ్లలో ఉంది. దూరం నుంచి చూడాలి, అడ్డం లేకుండా పరిగెత్తాలి. దట్టంగా చెట్లు పెంచితే దాని రెండు ఆయుధాలూ పోతాయి. ఒక జీవి ఎక్కడ ఉంటుంది అనేది ఆవాసమైతే, అక్కడ ఏం తిని, ఎలా తప్పించుకుని, ఎవరితో పోటీపడి నెట్టుకొస్తుంది అనేది దాని జీవన పాత్ర. కృష్ణజింక పాత్ర ఆరుబయట రాసి ఉంది. దాన్ని అడవి జంతువు అనుకుని అడవి పెంచి పెట్టడం దయ కింద రాదు.

మరి ఈ ఖాళీ నేలల మీద ప్రభుత్వాల చూపు ఎలా ఉంది? కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి దేశంలోని బంజరు భూముల అట్లాసు వేస్తుంటాయి. అందులో సముద్రతీరపు ఇసుక ఒక రకం బంజరు, చిత్తడి ఒక రకం బంజరు, తుప్పలున్న బీడు ఇంకో రకం బంజరు. నేను పైన చెప్పిన మూడు రకాల నేలలూ ఆ పట్టికలో ఉన్నాయి! ఇంకో పక్క, దేశంలో అడవి ఎంతుందో కొలిచే అటవీ సర్వే సంస్థ లెక్కలో, హెక్టారు దాటిన నేలలో చెట్ల నీడ 10 శాతం దాటితే అది అటవీ విస్తీర్ణమే. జాతి ఏదన్నది, యజమాని ఎవరన్నది అడ్డు కాదు. సరుగుడు తోట అయినా, మామిడి తోట అయినా సరే. కాబట్టి ఇసుక మీద సరుగుడు నాటితే కాగితం మీద రెండు లాభాలు ఒకేసారి. బంజరు తగ్గింది, అడవి పెరిగింది. తాబేలుకి పోయిన చోటు ఏ గడిలోనూ పడదు. మొక్కలు నాటడం లాంటి పనులకి పాయింట్లిచ్చే గ్రీన్ క్రెడిట్ పథకం 2023లో వచ్చింది, దాని కింద 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో హెక్టారుకి కనీసం 1100 మొక్కలు నాటాలన్నారు. నేల రకాన్ని బట్టి కాకుండా మొక్కల సంఖ్యని బట్టి లెక్క మొదలైతే, పని చేసేవాడు ఎక్కడ గొయ్యి సులువుగా తవ్వగలడో అక్కడికే పోతాడు. ఇసుకలో గొయ్యి తవ్వడం కంటే సులువేముంది?

(ఇసుకకి విలువ కట్టిన వాళ్లు లేకపోలేదు. ఛత్రపురం దగ్గర ఇసుకలో ఇల్మనైట్, మోనజైట్ అనే ఖనిజాలు ఉన్నాయని గుర్తించి దశాబ్దాలుగా తవ్వుతున్నారు. అది ఇంకో వ్యాసం.)

నన్ను ఎదుర్కొనే వాదనల్లో బలమైనది తుపానుది. 2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి ఇళ్లలో ఉన్నవాళ్లం ఎవరం ఆ గాలి చప్పుడు మర్చిపోలేదు. 1999 సూపర్ సైక్లోన్ జ్ఞాపకం దానికి ముందుది. అందుకే "ఒడ్డున చెట్లు లేకపోతే గాలి ఊళ్ల మీద పడదా?" అని అడిగితే తేలిగ్గా తీసిపారేయలేను. చెట్లు కాపాడతాయి, నిజమే. కేంద్రాపడా జిల్లాలో 1999 తుపానుకి మడ అడవులు వెడల్పుగా మిగిలి ఉన్న ఊళ్లలో చావులు తక్కువని 2009లో ప్రచురించిన ఒక పరిశోధన చెప్పింది. కానీ మడ పెరిగేది బురదలో, ఏటి నోళ్ల దగ్గర, ఉప్పునీటి పోటు తగిలే చోట. అక్కడ అది అక్కడిదే. మా ఇసుక ఒడ్డున మడ పెరగదు, దాని బదులు సరుగుడు నాటి అదే రక్షణ వస్తుందనుకోవడంలో తేడా ఉంది. పైలిన్‌కి మా తీరంలో సరుగుడు తోటలు ఎలా నేలకొరిగాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. గాలి వేగాన్ని అవి కొంత ఆపి ఉంటాయి, కాదనను. ఉప్పెన నీటికి ఎదురు నిలిచేది మాత్రం ఎత్తైన ఇసుక దిబ్బ. ఆ దిబ్బని కట్టేది తీగ, గడ్డి, మొగలి. దిబ్బని చదును చేసి, దాని మీద తోట నాటి, రక్షణ కవచం అని బోర్డు పెట్టడం మాత్రం నాకు మింగుడు పడదు.

చిన్నాన్న అడిగిన డబ్బు ప్రశ్నకి కూడా సగం జవాబు మొగలిలోనే ఉంది. దేశంలో కేవ్డా అత్తరు, కేవ్డా నీళ్లు ఎక్కువ భాగం గంజాం మొగలి నుంచే వస్తాయి. గంజాం కేవ్డాకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మొగలిలో మగ చెట్లు వేరు, ఆడ చెట్లు వేరు. వాసనంతా మగ పువ్వుది. వానాకాలంలో తెల్లవారకుండానే పువ్వులు కోసి, రాగి డేగిశాల్లో ఉడికించి ఆవిరి పట్టే బట్టీలకి చేరుస్తారు. పువ్వు కోసేస్తే మొక్క అంతరించదా అని ట్యూషన్‌లో అడుగుతుంటారు. మొగలి ఎక్కువగా పిలకలతో, విరిగిన కొమ్మలతో పాకుతుంది, కాబట్టి పువ్వు కోతని తట్టుకుంటుంది. డొంకని బుల్‌డోజర్‌తో తీసేస్తేనే తట్టుకోలేదు. పొలం గట్టుకి కంచె, ఇసుకకి కట్టు, ఇంటికి రాబడి, ఇన్ని చేసే మొక్క మన తీరంలోనే ఉండగా నర్సరీ ట్రక్కులో వేరేది తెచ్చి నాటడం ఎందుకో నాకర్థం కాదు. రాబడి ఏడాదికి ఒక్క సీజనే అని చిన్నాన్న గొణుగుడు. అదీ నిజమే.

నా వైపు వాళ్లతోనూ నాకు ఒక పేచీ ఉంది. చెట్ల లెక్క వద్దనేవాళ్లు చాలామంది తాబేళ్ల లెక్కని మాత్రం ఎగిరి పట్టుకుంటారు. 2025 ఫిబ్రవరిలో రుషికుల్య దగ్గర దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయని వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపుల్లో మిఠాయిలు పంచుకున్నంత పనైంది. సంతోషమే. కానీ ధారణ సామర్థ్యం అని ఒకటుంది, ఒక చోటు ఎంతమందిని మోయగలదో అంతే మోస్తుంది. ఒడ్డు పట్టీ అంతే ఉండి తాబేళ్లు పెరిగితే, ఇవాళ వచ్చినవి నిన్నటి వాటి గూళ్లనే తవ్వి గుడ్లు బయటపడేస్తాయి. పగిలిన గుడ్లు కుళ్లి పక్క గూళ్లని పాడుచేస్తాయి. కోస్టారికాలో నాన్సితే అనే ఒడ్డున ఇలాగే గుడ్లలోంచి పిల్లలు బయటపడటం తక్కువై, అక్కడికి వచ్చే మందలే పలచబడిపోయాయి. కాబట్టి వచ్చిన తాబేళ్ల లెక్కతో పాటు, ఎంత ఇసుక మిగిలింది, ఎన్ని పిల్లలు సముద్రం దాకా చేరాయి అన్న లెక్కలు కూడా అడగాలి. ఒడ్డున హోటళ్లు, రోడ్లు వేసే లైట్లు ఆ పిల్లల్ని వెనక్కి, ఊరి వైపు నడిపిస్తాయి. దీనికి ఖర్చు లేని మందు ఉంది, లైట్లు ఆర్పడం.

ఖర్చు ఉన్నది జాలర్లకి. తాబేళ్ల కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య, దేవి, ధామ్రా ఏటి నోళ్ల దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల వరకు వేట మీద ఆంక్షలుంటాయి. తాబేళ్లని ఎక్కువగా చంపేది పెద్ద ట్రాలర్ల వలలు. తిండికి ఇబ్బంది పడేది ఒడ్డున తెప్పలు, చిన్న పడవలున్నవాళ్లు, వాళ్లలో మన తెలుగు పల్లెకారులు ఎందరో. వీళ్లలో కొందరి ఊళ్లనే సముద్రం కోసుకుపోయింది, పొదంపేట వాళ్లు ఊరినే వెనక్కి జరుపుకున్నారు. మనుషుల్ని ఆవరణ వ్యవస్థ బొమ్మలోంచి తుడిచేసి గీస్తే ఇలాంటివి కనిపించవు. రాత్రిపూట కుక్కల్ని తరిమి, దారి తప్పిన పిల్లల్ని బుట్టల్లో ఏరి నీళ్లలో వదిలేది ఆ ఊళ్ల కుర్రాళ్లే.

ఈసారి జూన్‌లో మొక్కలు నాటడానికి మా వీధి అసోసియేషన్ వాళ్లు గోపాల్‌పూర్ దాటాక ఒక ఇసుక పట్టీ చూసి పెట్టారు. నేను వద్దన్నాను. బదులుగా ఊళ్లోనే బస్టాండు రోడ్డు వెంబడి వేప, కానుగ నాటమన్నాను. అక్కడ ఎండకి జనం మాడిపోతున్నారు, చెట్టు నిజంగా అవసరమైన చోటది. "అక్కడ కరెంటు తీగలున్నాయి, గోతులు తవ్వాలంటే మున్సిపాలిటీ పర్మిషన్ కావాలి, ఇసుకలో అయితే గంటలో అయిపోతుంది మాస్టారూ" అన్నారు సెక్రటరీ గారు. పర్మిషన్ దరఖాస్తు నేనే రాసిచ్చాను. ఒడియాలో ఒక కాపీ, ఇంగ్లిష్‌లో ఒక కాపీ. ఇంకా జవాబు రాలేదు.